అమెరికా రైల్వే స్టేషన్‌లో కస్టోడియన్ ఉద్యోగం: చేరేముందు ఏం చూడాలి, చేరాక ఎలా నిలబడాలి

న్యూజెర్సీ, న్యూయార్క్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లు కాదు. పిల్లల స్పాన్సర్‌షిప్ మీద యాభై దాటాక వచ్చినవాళ్లున్నారు. తోబుట్టువుల పిటిషన్ మీద ఏళ్ల తరబడి ఎదురుచూసి కుటుంబంతో దిగినవాళ్లున్నారు. గ్యాస్ స్టేషన్‌లోనో కిరాణా కొట్టులోనో గంటల లెక్కన పనిచేస్తూ, ఇన్సూరెన్స్ లేదన్న టెన్షన్‌తో బతికేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: రైల్‌రోడ్ కంపెనీల్లో కస్టోడియన్ ఉద్యోగాలు పడుతున్నాయేమో చూస్తూ ఉండండి. స్టేషన్ శుభ్రంగా ఉంచే పని. దొరకడం తేలిక కాదు కానీ, దొరికితే యూనియన్ రక్షణ, హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్ కలిసి వస్తాయి.

ముందే ఒక మాట. చీపురు, మాప్ పట్టాలంటే మనలో కొందరికి నామోషీ. మన ఊళ్లలో ఈ పనిని తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన పెట్టి, చేసేవాళ్లనే చిన్నచూపు చూశాం. ఆ చూపును ఇక్కడికి మోసుకు రావద్దు. స్టేషన్‌లో మీ పక్కన పనిచేసేవాళ్లలో చాలామందికి ఇది గౌరవంగా ఇల్లు నడిపే ఉద్యోగం. మీకూ అంతే.

జీతం ఎవరిస్తారో ముందు తెలుసుకోండి

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఇదే, చాలామంది అడగకుండా వదిలేసేదీ ఇదే. ఒకే ప్లాట్‌ఫాం మీద ఒకే రకం పని చేసే ఇద్దరు రెండు వేరువేరు చట్టాల కింద ఉండవచ్చు.

రైల్‌రోడ్ కంపెనీయే మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకుంటే, అంటే ఆమ్‌ట్రాక్, న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు విభాగం, మెట్రో నార్త్, లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్ లాంటివైతే, మీ యూనియన్ హక్కులు 1926 నాటి రైల్వే లేబర్ చట్టం కింద ఉంటాయి. పెన్షన్ సోషల్ సెక్యూరిటీ నుంచి కాకుండా రైల్‌రోడ్ రిటైర్మెంట్ బోర్డు నుంచి వస్తుంది. పనిలో దెబ్బ తగిలితే 1908 నాటి ప్రత్యేక చట్టం వర్తిస్తుంది. అదే స్టేషన్‌లో క్లీనింగ్ కాంట్రాక్టరు దగ్గర చేరితే ఇవేవీ వర్తించవు. మామూలు కార్మిక చట్టాలు, సోషల్ సెక్యూరిటీ, పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే రాష్ట్రం వర్కర్స్ కాంపెన్సేషన్ ఉంటాయి. కాంట్రాక్టరు దగ్గరా యూనియన్ ఉండవచ్చు, అది మంచి ఉద్యోగమే కావచ్చు. కానీ లెక్క వేరు. న్యూయార్క్ సబ్‌వే కూడా వేరే లెక్కే. హడ్సన్ నది కింద నడిచే పాత్ రైళ్లు మాత్రం రైల్‌రోడ్ చట్టాల కిందికే వస్తాయి.

ఇంటర్వ్యూలో ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "ఈ ఉద్యోగం రైల్‌రోడ్ రిటైర్మెంట్ కిందికి వస్తుందా?" అవునంటే ఇక్కడ చెప్పేదంతా మీకు పనికొస్తుంది. కాదంటే శుభ్రం చేసే పద్ధతి, పట్టాల జాగ్రత్త గురించిన భాగాలు మాత్రమే పనికొస్తాయి.

దరఖాస్తు, పరీక్షలు

దరఖాస్తు కంపెనీ వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. "కస్టోడియన్", "స్టేషన్ క్లీనర్", "బిల్డింగ్ అటెండెంట్" లాంటి పేర్లన్నీ వెతకండి, ఒక్కో కంపెనీలో ఒక్కో పేరు ఉంటుంది. ఇండియాలో చేసిన పనిని దాచకండి. హోటల్, ఆస్పత్రి, హాస్టల్, ఫ్యాక్టరీ, ఎక్కడ షిఫ్టుల్లో పనిచేసినా రాయండి. వాళ్లు చూసేది వేళకు వస్తారా, రాత్రి పని చేయగలరా, నిలబడి పనిచేసే ఓపిక ఉందా అని.

ఎంపికైతే వైద్య పరీక్ష, డ్రగ్ టెస్ట్, పాత రికార్డుల తనిఖీ ఉంటాయి. న్యూజెర్సీలో, న్యూయార్క్‌లో గంజాయి చట్టబద్ధమైనా రైల్‌రోడ్ కంపెనీ పరీక్షలో దొరికితే ఉద్యోగం పోవచ్చు. డాక్టరు రాసిన నొప్పి మాత్రలు, కొన్ని రకాల దగ్గు మందులు వాడుతుంటే ప్రిస్క్రిప్షన్ దగ్గర పెట్టుకోండి. పని చేసే అనుమతి ఉన్నవాళ్లే చేరాలని వేరే చెప్పనక్కర్లేదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఈ దారి లేదు.

మొదటి రోజు రాసుకోవలసింది: మీ సీనియారిటీ తేదీ

యూనియన్ రైల్‌రోడ్ ఉద్యోగంలో మీ ఆస్తి ఆ తేదీ. ఏ స్టేషన్‌లో పని, ఏ షిఫ్టు, వారంలో ఏ రోజులు సెలవు, వేసవిలో ఏ వారం వెకేషన్, ఓవర్‌టైమ్‌కు ముందు ఎవరిని పిలుస్తారు, లే ఆఫ్ వస్తే ఎవరు ముందు ఇంటికి వెళతారు, ఇవన్నీ ఎక్కువగా దాన్ని బట్టే తేలతాయి. సూపర్‌వైజర్‌కు మీరంటే ఇష్టమా కాదా అన్న దానికి ఇందులో చోటు తక్కువ. యూనియన్లు పోరాడి తెచ్చుకున్నది సరిగ్గా ఇదే.

ఒకే రోజున పదిమంది చేరితే వాళ్లలో ఎవరు ముందు అన్నది కూడా యూనియన్, కంపెనీ కుదుర్చుకున్న అగ్రిమెంట్‌లో రాసి ఉంటుంది. ఆ క్రమంలో మీ స్థానం ఎక్కడో మొదటి వారంలోనే యూనియన్ ప్రతినిధిని అడిగి తెలుసుకోండి. సీనియారిటీ జాబితాను రోస్టర్ అంటారు. అది గోడ మీద అంటించినప్పుడు మీ పేరు, తేదీ సరిచూసి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. తప్పుంటే అభ్యంతరం చెప్పడానికి గడువుంటుంది. ఆ గడువు దాటితే తప్పే ఖాయమైపోతుంది.

కొత్తవాళ్లకు రాత్రి షిఫ్టు, మంగళ బుధవారాల్లో సెలవు, లేదా ఎవరు రాకపోతే వాళ్ల చోటికి పంపే ఎక్స్‌ట్రా లిస్టు దక్కుతాయి. ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. సంక్రాంతికి, పెళ్లిళ్లకు సెలవు దొరకని ఏళ్లు ఉంటాయి. ఖాళీ అయిన పోస్టులను బులెటిన్‌గా పెడతారు, కావాలనుకున్నవాళ్లు గడువులోగా బిడ్ వేయాలి, సీనియర్‌కు దక్కుతుంది. "నాకెలాగూ రాదు" అని బిడ్ వేయకుండా ఉండకండి. అందరూ వద్దనుకున్న పోస్టు కొత్తవాడికి పడడం నేను చాలాసార్లు చూశాను. మీ పోస్టునే రద్దు చేస్తే మీకన్నా జూనియర్ ఉన్న పోస్టును మీరు తీసుకోవచ్చు. దాన్ని బంప్ చేయడం అంటారు. మీకన్నా సీనియర్ వచ్చి మిమ్మల్ని బంప్ చేసినా కోపం పెట్టుకోవద్దు. రేపు మీకూ అదే హక్కు అవసరమవుతుంది.

ప్రొబేషన్ ఎన్నాళ్లో అగ్రిమెంట్‌లో ఉంటుంది. అది ముగిసేదాకా యూనియన్ మీకోసం చేయగలిగింది తక్కువ. ఆ రోజుల్లో ఆలస్యం, గైర్హాజరు రెండూ వద్దు. రైలు ఆలస్యమైందన్న సాకు రైల్‌రోడ్‌లో పనిచేసేవాళ్లకు చెల్లదు. ఒక బండి ముందుదే ఎక్కండి.

పని

షిఫ్టు మొదలవగానే బకెట్ నింపకండి. ముందు స్టేషన్ అంతా ఒకసారి నడవండి. మెట్ల మీద కారిన కాఫీ, వెయిటింగ్ రూమ్‌లో పగిలిన గాజు, టాయిలెట్‌లో పొంగిన నీళ్లు, ఎవరైనా జారిపడే చోటు ఏదైనా ఉంటే అదే మొదటి పని. మిగతాది తర్వాత. ఈ ఒక్క అలవాటుతోనే మంచి కస్టోడియన్ ఎవరో తెలిసిపోతుంది.

ఎక్కడైనా పై నుంచి కిందికి, పొడి నుంచి తడికి, తక్కువ మురికి నుంచి ఎక్కువ మురికికి వెళ్లాలి. టాయిలెట్‌లో ముందు చెత్త తీయండి, తర్వాత కమోడ్లలో, యూరినళ్లలో మందు వేసి వదిలేయండి. అది నానేలోపు అద్దాలు, సింకులు, తలుపు పిడులు తుడవండి. తర్వాత వెనక్కి వచ్చి కమోడ్లు రుద్దండి. నేల ఆఖర్న, లోపలి మూల నుంచి గుమ్మం వైపు. సింకు తుడిచిన గుడ్డ కమోడ్ మీదికి వెళ్లకూడదు, అందుకే గుడ్డలకు రంగులు వేరుగా పెడతారు.

క్రిమినాశక మందు చల్లిన వెంటనే తుడిచేస్తే చల్లనట్టే. డబ్బా మీద ఎన్ని నిమిషాలు తడిగా ఉండాలో రాసి ఉంటుంది, కొన్నిటికి 10 నిమిషాలు. అంతసేపు తడి ఆరకుండా ఉండాలి. మందు ఎక్కువ కలిపితే ఎక్కువ శుభ్రం అన్నది మన ఇళ్లలో ఉన్న నమ్మకం, ఇక్కడ వదిలేయండి. నేల జిగటగా మారి మనుషులు జారతారు.

బ్లీచ్‌ను దేనితోనూ కలపవద్దు. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిస్తే క్లోరమైన్, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడతాయి. తలుపు మూసి ఉన్న చిన్న గదిలో అవి ప్రాణం మీదికి తెస్తాయి. మూత్రం పేరుకున్న యూరినల్‌లో నేరుగా బ్లీచ్ పోసినా ఘాటు లేస్తుంది, ముందు నీళ్లతో కడగండి. ప్రతి రసాయనానికీ భద్రతా వివరాల కాగితం మీకు అందుబాటులో ఉంచడం కంపెనీ బాధ్యత. ఎక్కడుందో మొదటి వారంలోనే అడిగి చూసుకోండి.

చెత్త సంచిని చేత్తో కిందికి అదమకండి. సంచిని కాలికి ఆనించి మోయకండి. లోపల సూదులు ఉండవచ్చు. పెద్ద స్టేషన్ల టాయిలెట్లలో వాడిన సిరంజిలు దొరకడం మామూలే. పటకారుతో తీసి సూదుల డబ్బాలో వేయాలి, సూదికి మూత పెట్టే ప్రయత్నం చేయకూడదు. రక్తం తగిలే అవకాశం ఉన్న పనిలో పెట్టినవాళ్లకు హెపటైటిస్ బి టీకాను పనిలో పెట్టిన 10 పనిదినాల లోపు ఉచితంగా ఇస్తామని యజమాని చెప్పాలి. ఇది ఫెడరల్ నిబంధన. మొహమాటపడకుండా వేయించుకోండి. సూది గుచ్చుకుంటే సబ్బునీళ్లతో కడిగి, అప్పటికప్పుడే సూపర్‌వైజర్‌కు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. షిఫ్టు అయ్యాక చూద్దాం అనుకోకండి.

పావురాల రెట్టను పొడిగా ఊడవకండి. తడిపి, మాస్కు పెట్టుకుని తీయండి. ఆ దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

చలికాలం వేరే ఉద్యోగంలా ఉంటుంది. మంచు పడితే ప్లాట్‌ఫాం, మెట్లు, ర్యాంపు మొదటి రైలు వచ్చేలోపు తీయాలి. మామూలు ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే సరిగ్గా పనిచేయదు. అంతకన్నా చలి ఉంటే కాల్షియం క్లోరైడ్ వాడతారు. నీళ్లు చొరబడని బూట్లు మంచివి కొనుక్కోండి. బూట్ల భత్యం అగ్రిమెంట్‌లో ఉందేమో చూడండి.

మనుషుల విషయం. బెంచీ మీద నిద్రపోయే ఇల్లులేనివాళ్లను లేపి పంపడం మీ పని కాదు. సాయం కావాలనిపిస్తే పోలీసులకో, స్టేషన్‌కు వచ్చే సహాయక బృందానికో చెప్పండి. టాయిలెట్ తలుపు ఎంతసేపు కొట్టినా పలకకపోతే ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి. డ్రగ్స్ మోతాదు ఎక్కువై పడిపోయినవాళ్లను చాలాసార్లు మొదట చూసేది కస్టోడియనే. ఎవరిదో తెలియని బ్యాగు కనిపిస్తే ముట్టుకోవద్దు, జరపవద్దు, పోలీసులను పిలవండి.

పట్టాల దగ్గర

పట్టాల మీద పడిన కాగితం కోసమైనా, ప్రయాణికుడి ఫోన్ కోసమైనా కిందికి దిగవద్దు. అతను ఏడ్చినా దిగవద్దు. దానికి శిక్షణ పొందినవాళ్లు ఉంటారు, రైళ్లు ఆపే పద్ధతి ఉంటుంది. లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్, మెట్రో నార్త్ లైన్లలో పట్టాల పక్కన ఉండే మూడో పట్టాలో సుమారు 750 వోల్ట్ల కరెంటు ఉంటుంది. ఎడిసన్, మెట్రోపార్క్ మీదుగా వెళ్లే లైన్‌లో తల మీది తీగల్లో 12,000 వోల్ట్లు. అందుకని పైపుతో నీళ్లు కొట్టేటప్పుడు ధార పట్టాల వైపు వెళ్లకూడదు. కిటికీలు తుడిచే పొడవాటి కర్ర తీగల వైపు లేపకూడదు. ప్లాట్‌ఫాం అంచున ఊడ్చేటప్పుడు వీపు రైలు వచ్చే వైపు ఉండకూడదు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు అసలే వద్దు. ఆగని ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయేటప్పుడు చెత్తబండి చక్రాలకు బ్రేకు వేసి ఉందో లేదో చూసుకోండి. పట్టాల దగ్గర పని చెబితే ఆ శిక్షణ మీకు ఇచ్చారా అని అడగండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదని చెప్పండి.

యూనియన్‌తో ఎలా ఉండాలి

చాలా రైల్‌రోడ్ అగ్రిమెంట్ల ప్రకారం చేరిన 60 రోజుల లోపు యూనియన్ సభ్యత్వం తీసుకోవాలి. చందా జీతంలోంచి కోస్తారు. ఆ డబ్బు చూసి బాధపడేవాళ్లకు ఒక చరిత్ర చెప్పాలి. ఒకప్పుడు ఈ దేశపు స్టేషన్లలో సామాను మోసే రెడ్‌క్యాప్‌లు, రైళ్లలో పుల్‌మన్ కంపెనీ స్లీపర్ బోగీల్లో ప్రయాణికులకు సేవచేసే పుల్‌మన్ పోర్టర్లు ఎక్కువగా నల్లజాతివాళ్లు. చాలామంది రెడ్‌క్యాప్‌లకు జీతమే ఉండేది కాదు, ప్రయాణికులు ఇచ్చే టిప్పులే ఆధారం. ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో పోర్టర్లు 1925లో యూనియన్ పెట్టుకుంటే, పుల్‌మన్ కంపెనీ వాళ్లతో ఒప్పందం మీద సంతకం పెట్టింది 1937లో. మీకు వచ్చే ప్రతి సదుపాయం వెనకా అలాంటివాళ్ల పన్నెండేళ్లు ఉన్నాయి.

అగ్రిమెంట్ పుస్తకం అడిగి తీసుకోండి. ఇంగ్లిష్ కష్టంగా ఉంటే పిల్లలతో చదివించుకోండి. ముందుగా ఓవర్‌టైమ్, సీనియారిటీ, క్రమశిక్షణ, క్లెయిములు అన్న అధ్యాయాలు. కొత్తవాళ్లకు మొదటి ఏళ్లలో పూర్తి రేటు కాకుండా శాతం లెక్కన ఇచ్చే ఒప్పందాలు ఉంటాయి, మీ రేటు ఎప్పుడెప్పుడు పెరగాలో రాసి పెట్టుకోండి. అది దానంతట అదే పెరుగుతుందని నమ్మి కూర్చోకండి.

చిన్న నోటు పుస్తకం జేబులో ఉండాలి. ఏ రోజు ఎక్కడ పనిచేశారు, ఎప్పుడు మొదలుపెట్టారు, భోజనానికి వదిలారా లేదా, ఓవర్‌టైమ్ ఎవరు చెప్పారు, అన్నీ రాయండి. ఓవర్‌టైమ్ మీకు రావలసింది జూనియర్‌కు ఇస్తే, మీ పని బయటివాళ్లతో చేయిస్తే, రాతపూర్వకంగా క్లెయిమ్ వేయవచ్చు. చాలా ఒప్పందాల్లో దానికి 60 రోజుల గడువుంటుంది. తేదీ, సమయం లేని క్లెయిమ్ నిలబడదు. మనవాళ్లు "పోనీలే, గొడవెందుకు" అంటారు. క్లెయిమ్ వేయడం గొడవ కాదు, రెండు పక్షాలూ సంతకం పెట్టిన పద్ధతి.

సూపర్‌వైజర్ తప్పు పని చెప్పాడనిపిస్తే సాధారణంగా ముందు పని చేసి తర్వాత ఫిర్యాదు చేయాలి. అక్కడికక్కడే కాదంటే అవిధేయత కింద మీ మీదికే వస్తుంది. ప్రాణానికి ప్రమాదం ఉంటే మాత్రం వేరు: ప్రమాదం ఏమిటో స్పష్టంగా చెప్పి, యూనియన్ ప్రతినిధిని పిలవండి.

మీ మీద ఆరోపణ వస్తే విచారణకు రమ్మని కాగితం ఇస్తారు. ప్రతినిధితో మాట్లాడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. "ఒప్పుకుంటే చిన్న శిక్షతో పోతుంది" అని ఎంత మంచిగా చెప్పినా సరే. విచారణలో చెప్పిన ప్రతి మాటా రికార్డు అవుతుంది, తర్వాత అప్పీలులో చూసేది ఆ రికార్డునే. ఇంగ్లిష్ తడబడుతుంటే అర్థం కాలేదని చెప్పండి, మళ్లీ అడగమనండి. అర్థం కాకుండా తల ఊపడం మనకు మర్యాద కావచ్చు, అక్కడ అది ఒప్పుకోలు.

నెలనెలా జరిగే లోకల్ మీటింగుకు వెళ్లండి. కష్టం వచ్చిన రోజున మొహం తెలిసినవాళ్లు ఉండాలి.

దెబ్బ తగిలితే

రైల్‌రోడ్ ఉద్యోగులకు వర్కర్స్ కాంపెన్సేషన్ లేదు. ఫీలా అని పిలిచే 1908 చట్టం ఉంది. దాని కింద పరిహారం రావాలంటే కంపెనీ నిర్లక్ష్యం కొంతైనా ఉందని చూపించాలి. మీ తప్పు కూడా ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. దావా వేయడానికి మూడేళ్ల గడువు. అందుకే ఆ రోజే రిపోర్టు చేయాలి. నేల ఎందుకు తడిగా ఉంది, లైటు ఎన్నాళ్లుగా వెలగడం లేదు, మాప్ పిండే రింగర్ విరిగిందని ముందే ఎవరికి చెప్పారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఫోటోలు తీయండి, చూసినవాళ్ల పేర్లు రాసుకోండి. దెబ్బల కేసులు చూసే కంపెనీ క్లెయిమ్స్ ఏజెంట్‌కు రికార్డు మీద వాంగ్మూలం ఇచ్చేముందు యూనియన్‌ను అడగండి.

దెబ్బ గురించి చెప్పినందుకు శిక్షించడం, చికిత్సకు అడ్డుపడడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరుగా నిషేధం. అలా జరిగితే 180 రోజుల లోపు ఓషా అనే ఫెడరల్ కార్మిక భద్రతా సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. నడుము పట్టేసినా పొద్దున్నే నూనె రాసుకుని పనికి వచ్చే మన పెద్దవాళ్లకు ఇది మరీ మరీ చెప్పాలి.

పనితో సంబంధం లేని జబ్బుకు రైల్‌రోడ్ రిటైర్మెంట్ బోర్డు నుంచే సిక్‌నెస్ బెనిఫిట్ ఉంటుంది. కొత్తవాళ్లు లెక్కలోకి తీసుకునే ఏడాదిలో కనీసం 5 నెలలు పనిచేసి ఉండాలి. దరఖాస్తు జబ్బు పడిన 10 రోజుల లోపు పంపాలి.

పే స్లిప్, పెన్షన్

పే స్లిప్‌లో టైర్ వన్, టైర్ టూ అని రెండు కోతలు కనిపిస్తాయి. టైర్ వన్ సోషల్ సెక్యూరిటీకి సమానమైనది. టైర్ టూ దానిపైన వచ్చే రైల్‌రోడ్ పెన్షన్: మీ జీతంలోంచి 4.9 శాతం కోస్తే, కంపెనీ 13.1 శాతం వేస్తుంది. ఐదేళ్ల సర్వీసు, అంటే 60 నెలలు, పూర్తయితే పెన్షన్ అర్హత మొదలవుతుంది. నెలలో ఒక్కరోజు పనిచేసినా ఆ నెల మొత్తం సర్వీసుగా లెక్క. యాభై రెండులో చేరిన మనిషికి ఈ లెక్క ఎంత ముఖ్యమో ఆలోచించండి. యాభై తొమ్మిదో నెలలో మానేసే ముందు ఒక్కసారి బోర్డు ఆఫీసుకు ఫోన్ చేయండి. చిన్న వయసులో చేరినవాళ్లకు 30 ఏళ్ల సర్వీసుతో 60వ ఏటే పూర్తి పెన్షన్ వస్తుంది.

ఏటా బోర్డు నుంచి బీఏ-6 అనే కాగితం వస్తుంది. అందులో మీ పేరున ఎన్ని సర్వీసు నెలలు, ఎంత జీతం నమోదైందో ఉంటుంది. పే స్లిప్పులతో, మీ నోటు పుస్తకంతో పక్కపక్కన పెట్టి సరిచూడండి. తప్పు సరిచేయించుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు నాలుగేళ్లు. ఇల్లు మారితే కొత్త అడ్రస్ కంపెనీకే కాదు, బోర్డుకు కూడా తెలియజేయండి. లేకపోతే ఆ కాగితం పాత ఇంటికే పోతుంది.